ఫోన్‌లోనే పాప్ మ్యాగజైన్ కంటెంట్స్ పేజీ: డిజైన్ ఎలా చేయాలి?

టీనేజ్ పాప్ మ్యూజిక్ మ్యాగజైన్ అనగానే అందరూ కవర్ గురించే మాట్లాడతారు. కానీ కవర్ నచ్చి చేతిలోకి తీసుకున్నవాళ్లు తర్వాత చూసేది కంటెంట్స్ పేజీయే. కవర్ మీద ఊరించిన ఇంటర్వ్యూ ఏ పేజీలో ఉందో అక్కడ వెంటనే దొరకాలి. దొరక్కపోతే పుస్తకం మళ్లీ షాపు అరలోకే పోతుంది.

బ్రిటన్‌లో ఓసీఆర్ బోర్డు మీడియా స్టడీస్ విద్యార్థులు కొత్త మ్యూజిక్ మ్యాగజైన్‌కి కవర్, కంటెంట్స్ పేజీ, డబుల్ పేజీ స్ప్రెడ్ తయారుచేయడం చాలా ఏళ్లు కోర్స్‌వర్క్‌గా ఉండేది. అలాంటి కంటెంట్స్ పేజీని కాన్వా లాంటి ఉచిత యాప్‌తో ఫోన్‌లోనే ఎలా చేయాలో ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

చదివేది ఎవరు?

బ్రిటన్‌లో 1978లో మొదలై 2006 దాకా నడిచిన స్మాష్ హిట్స్ హిట్ పాటల లిరిక్స్‌కి పేరు పొందింది. అలాంటి పత్రిక కొన్న పదమూడేళ్ల అమ్మాయి మొదటి పేజీ నుంచి వరుసగా చదవదు. తన పాట, తన బ్యాండ్ ఎక్కడున్నాయో వెతుక్కుంటుంది. మన పేజీ పని ఆ వెతుకులాటను తగ్గించడమే.

1. సైజు

కస్టమ్ సైజులో ఏ4, అంటే 210 × 297 మిల్లీమీటర్లు పెట్టండి. 300 డీపీఐ దగ్గర అది 2480 × 3508 పిక్సెల్స్. 1080 పిక్సెల్స్ వెడల్పు ఉండే సోషల్ మీడియా టెంప్లేట్ వాడొద్దు. ఏ4 మీద అది దాదాపు 130 డీపీఐకి పడిపోతుంది, ఫొటోలు మసకబారతాయి. కటింగ్ కోసం అన్ని వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ వదలండి.

2. లేఅవుట్

పేజీని నిలువుగా మూడు కాలమ్స్ చేయండి. రెండు కాలమ్స్‌లో కవర్ స్టార్ పెద్ద ఫొటో, మూడో దాంట్లో లిస్ట్. కవర్ మీది ఫొటోనే మళ్లీ పెట్టకండి, అదే షూట్‌లో ఇంకో ఫొటో తీసుకోండి. ఆ ఫొటో మీదే పేజీ నంబర్ పెద్దగా వేయండి. ముఖం, నంబర్ పక్కపక్కనే ఉంటే లిస్ట్ చదవక్కర్లేదు.

3. లిస్ట్

ఇరవై అంశాలు వరుసగా పెడితే ఎవరూ చదవరు. ఇంటర్వ్యూలు, లిరిక్స్, పోస్టర్లు, ప్రతి సంచికలో వచ్చేవి అని నాలుగు గుంపులు చేయండి. ముందు నంబర్, తర్వాత బ్యాండ్ పేరు బోల్డ్‌లో, కింద ఒకే ఒక్క లైన్. "కొత్త ఆల్బమ్ విశేషాలు" అంటే ఎవరూ పేజీ తిప్పరు. "టూర్ బస్సులో గురక పెట్టేది ఎవరు?" అంటే తిప్పుతారు.

4. రంగులు, ఫాంట్లు

కవర్‌లో వాడిన రంగుల్లోంచే మూడు, ఫాంట్లు రెండు చాలు. నియాన్ పింక్, నియాన్ గ్రీన్ అమోలెడ్ స్క్రీన్ మీద మెరుస్తాయి. మామూలు నాలుగు రంగుల ప్రింటింగ్‌లో ఆ మెరుపు రాదు, వెలిసినట్టు కనిపిస్తాయి.

5. మూడో వంతు టెస్ట్

ఫోన్‌లో డిజైన్ చేసేటప్పుడు అసలు చిక్కు ఇక్కడే. 6.5 అంగుళాల ఫోన్ స్క్రీన్ వెడల్పు 7 సెంటీమీటర్లలోపే, ఏ4 వెడల్పు 21. అంటే పేజీ మొత్తం మనకి మూడో వంతు సైజులో కనిపిస్తుంది. జూమ్ చేసి పనిచేస్తూ ఉంటే ఏ అక్షరం అసలు ఎంతుందో తెలియదు.

నేను దీన్నే టెస్ట్‌గా వాడతాను. జూమ్ తీసేసి పేజీ మొత్తం చూస్తాను. ఆ సైజులో కూడా పేజీ నంబర్లు, గుంపుల హెడ్డింగ్‌లు చదవగలిగితే ప్రింట్‌లో అవి ఒక్క చూపుకే అందుతాయి. కింది చిన్న లైన్లు కనిపించకపోయినా పర్లేదు, వాటికి 9 పాయింట్ సరిపోతుంది. కానీ వాటిని ఒకసారి మామూలు ప్రింటర్‌లో బ్లాక్ అండ్ వైట్ కాపీ తీసి చూడండి. కొన్ని రూపాయలతో పోతుంది, వంద కాపీలు వేశాక దిద్దలేం.

6. చివరి చెక్

లోపలి పేజీలన్నీ ఫైనల్ అయ్యాకే నంబర్లు వేయండి. ఒక యాడ్ పేజీ చేరినా ఆ తర్వాతి నంబర్లన్నీ మారిపోతాయి. తర్వాత కవర్ పక్కన పెట్టుకుని, దాని మీద ఉన్న ప్రతి హెడ్డింగ్ కంటెంట్స్‌లో ఉందో లేదో టిక్ పెట్టుకోండి. ఇంకొకరి చేతికిచ్చి, కవర్ స్టోరీ ఏ పేజీలో ఉందో చెప్పమనండి. తడుముకోకుండా చెప్తే పీడీఎఫ్ ప్రింట్ ఫార్మాట్‌లో సేవ్ చేసి ప్రెస్‌కి పంపేయొచ్చు.