మా నాయన ఊపిరి

ఆదోని, ఎమ్మిగనూరు పట్టణములకు చేరువనున్న మా పెద్దకడుబూరు ప్రాంతమున పత్తి విరివిగా పండును. పండిన పత్తి ఆదోని మార్కెట్టుకు చేరును. అచ్చటి జిన్నింగు మిల్లులలో గింజ వేరుపడి, దూది బేళ్లుగా కట్టబడును. అట్టి యొక మిల్లులో మా నాయన ముప్పది యేండ్లు పనిచేసెను. సాయంకాలము ఇల్లు చేరునప్పటికి ఆయన కనుబొమలు, మీసములు నూగుతో తెల్లబడి యుండెడివి. చిన్నతనమున అది చూచి మేము నవ్వెడివారము. ఆ నూగే ఆయన రొమ్ములోనికిని పోవుచున్నదని మాకెవ్వరికిని తోచలేదు.

1998లో నేను ఉపాధ్యాయుడనుగా నున్నప్పుడు నాయనకు ఆయాసము హెచ్చెను. బస్సు దిగి ఇల్లు చేరులోపల మూడుచోట్ల నిలువవలసి వచ్చెడిది. ఎవరైన చూచినచో, చెప్పు సరిచేసికొనుచున్నట్లు వంగెడివాడు.

కర్నూలులో ఒక డాక్టరుగారు ఆయనచేత గొట్టములోనికి బలముగా ఊదించిరి. స్పైరోమీటరు అను ఆ సాధనము, మొదటి సెకండులో ఎంత గాలి వెలువడునో తెల్పును. "ఇది సి.ఓ.పి.డి. అను వ్యాధి. శ్వాసనాళములు ఇరుకై, లోని గాలి పూర్తిగా వెలుపలికి రాజాలదు. చెడినది తిరిగి రాదు, మిగిలినదానిని కాపాడుకొనవచ్చును" అనిరి. పత్తిదుమ్ము, బీడీలు, ఇంటిలోని పత్తికట్టెల పొగ – వీనిలో ఏది యెంత చెరచినదో వేరుచేసి చెప్పుట కష్టమనిరి.

బాలలారా! నార, దూది దుమ్ముల కీడు క్రొత్తది కాదు. ఇటలీ వైద్యుడు రామజ్జిని 1700లో వెలువరించిన గ్రంథమున, నారను దువ్వువారి దగ్గును గూర్చి వ్రాసెను. దూదిదుమ్ము వలన గలుగు వ్యాధికి బిస్సినోసిస్ అని పేరు. వారపు సెలవు ముగిసి పనిలో చేరిన దినముననే రొమ్ము ఎక్కువగా పట్టివేయుట దాని గుర్తు. నాయన అట్లే చెప్పినప్పుడు, అది సోమరితనమని మేస్త్రీ ఎగతాళి చేసెనట! 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టమునందలి వృత్తిరోగముల పట్టికలో ఈ వ్యాధియు చేరియుండెను. కాని నాయన పేరు ఏ రిజిష్టరులోను లేదు. కాగితము లేనివానికి చట్టమేమి చేయగలదు?

ఇంటికి వచ్చిన పిమ్మట నేనొక పొరపాటు చేసితిని. నాయనను మంచము దిగనీయనైతిని. కడవ ముట్టినచో కేకలు వేసితిని. ఎద్దులకు మేత వేయబోయినచో చొప్ప లాగుకొంటిని. దానినే సేవ యనుకొంటిని. రెండు మాసములకు ఆయన దొడ్డిదాక నడచినను రొప్పసాగెను. "నన్ను మంచముమీద బొమ్మను చేసితివి గదరా!" అని ఒకనాడు కన్నీరు పెట్టుకొనెను.

డాక్టరుగారు మందలించినది నన్నే. కదలక కూర్చున్నచో కాళ్ల కండలు క్షీణించును. క్షీణించిన కండలు చిన్న పనికే ఎక్కువ గాలి కోరును. ఆయాసమునకు వెరచి మనిషి మరల కూర్చుండును. కావున నడువవలెను, నడచుచు ఊపిరిని ఏలుకొనవలెను. ముక్కుతో గాలి పీల్చి, వేడి అంబలిని ఊదునట్లు పెదవులు ముడిచి, పీల్చినదానికి రెట్టింపు సేపు మెల్లగా వదలవలెను. అట్లయిన నాళములు త్వరగా మూసికొనవు. పీల్చుమందు అలవాటై విడువరానిదగునని ఊరివారు భయపెట్టిరి. అది వట్టి అపోహ. మందు పీల్చిన పిదప పది లెక్కించునంతసేపు ఊపిరి బిగబట్టుట మాత్రము మరువరాదు.

అన్నిటికంటె కష్టమైనది బీడీ. నేను పారవేసినకొలది ఆయన గడ్డివామిలో దాచెడివాడు. రెండుమారులు మాని మరల మొదలిడెను. మూడవమారు నిలిచెను. ఆ మారు నేనేమియు అనలేదు. బహుశః అదియే సాయపడెనేమో! జొన్నరొట్టె రుచి పోవునని అమ్మ గ్యాసుపొయ్యికి ఒప్పుకొనలేదు. తుదకు కట్టెలపొయ్యిని పెరటిలోనికి మార్చితిమి.

నడక మొదట వేపచెట్టుదాకనే. నేను ప్రక్కనే నడచితిని. చేయి పట్టుకొనలేదు, మాటలాడింపలేదు. మాటకును ఊపిరి కావలెను గదా! ఆయన నిలిచినచోట నేనును నిలిచితిని. చెప్పు సరిచేసికొను నటన క్రమముగా మానెను.

ఆరు మాసములకు నడక రచ్చబండదాక సాగెను. ఆయనతో మిల్లులో పనిచేసిన ఒక వృద్ధుడు అచ్చట దగ్గుచు కూర్చుండి యుండెను. నాయన అతని ప్రక్కన చేరి, పెదవులు ముడిచి చూపుచు, "తొందర వద్దు. అంబలి ఊదినట్లు, మెల్లగా" అని చెప్పసాగెను.