దిండు మెత్తగా ఉంటే పుండు పడదా?

ప్రశ్న: వెన్నుపాము దెబ్బతిని మా అన్నయ్య చక్రాల కుర్చీకే పరిమితమయ్యారు. దూది దిండు వేసినా పిరుదుల దగ్గర చర్మం కములుతోంది. గాలి ట్యూబు కొనమంటున్నారు. కొనొచ్చా?
– ఒక పాఠకుడు, కుందుర్పి

జవాబు: వద్దు. ట్యూబు మధ్యలో ఖాళీ వదిలి చుట్టూ నొక్కుతుంది. లోపలి చర్మానికి రక్తం సరిగా అందదు. దిండుకు మెత్తదనం ఒక్కటే చాలదు, బరువు పంచాలి. దూది అణిగిపోతే కూర్చునే ఎముకల రెండు మొనల మీదే భారం పడుతుంది. అందుకే అడుగున గట్టి ఫోమ్, పైన మెత్తటిది, ఎముకలు దిగేచోట పల్లం, తొడలకు ఆనుడు ఉండాలి. అన్నయ్యను కూర్చోబెట్టి దిండు కింద అరచేయి పెట్టి చూడండి. ఎముకకూ చేతికీ మధ్య అంగుళం మందమైనా మిగలకపోతే ఆ దిండు మార్చాల్సిందే. ఖరీదైన గాలి అరల దిండు మేలు కాదా అంటారేమో. బాగానే పనిచేస్తుంది, కానీ గాలి రోజూ చూసుకోవాలి, మన తుమ్మముల్లు ఒక్కటి దిగితే చాలు! రెక్సిన్ తొడుగూ వద్దు. మన ఎండలకు చెమట పట్టి చర్మం నానుతుంది. ఇంత చేసినా, పావుగంట నుంచి అరగంటకోసారి ముందుకు వంగి బరువు తప్పించాల్సిందే. ఎరుపు అరగంటలో తగ్గకపోతే కూర్చోబెట్టకుండా, ఆ చోటు ఒత్తుకోకుండా పడుకోబెట్టి డాక్టరుకు చూపించండి.