బీదకుటుంబమునకు అందవలసిన సాయము: పంచాయతీ సభ్యుడు చేయదగిన పని

గ్రామములోని బీదకుటుంబములకై కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వములు ఏర్పరచిన సహాయములు అనేకములు కలవు. అయితే అవి యన్నియు ఒకే చోట లభింపవు. బియ్యము ఒక శాఖ ద్వారా వచ్చును. పింఛను మరియొక శాఖ ద్వారా వచ్చును. పిల్లల పోషణకు ఇచ్చు సొమ్ము వేరొక శాఖది. బీమా సొమ్ము బ్యాంకు ద్వారా రావలెను. ఇన్ని ద్వారములు ఉండుటయే బీదవానికి చిక్కు. ఒక చోట అడిగి, 'ఇది మా పని కాదు' అన్న మాట విని, అతడు ఇంటిదారి పట్టును. అడగనిదే అమ్మయినా పెట్టదని సామెత. అడుగుటకు తనకు హక్కున్నదనియే ఎరుగని వాని మాట ఏమి?

ఆ హక్కును తెలియజెప్పవలసినవాడు పంచాయతీ సభ్యుడు. ఇది దయాధర్మము కాదు. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు పేర్కొనబడినవి. పేదరిక నిర్మూలనము, సాంఘిక సంక్షేమము, బలహీనవర్గముల సంక్షేమము, ప్రజాపంపిణీ వ్యవస్థ అందులోనివే. సాయమును మంజూరు చేయు అధికారము చాలవరకు ఇతర కార్యాలయములది. కాని అర్హుని గుర్తించి ఆ కార్యాలయమునకు చేర్చుట ఊరివారి వలననే కాగలదు.

పథకమును పట్టుకొని పోరాదు

సాధారణముగా జరుగునది ఇది: పైనుండి ఒక ఉత్తరువు వచ్చును, దానికి తగిన పేర్లు వెదకుదురు, కంటికి ఎదురుగా ఉన్నవారి పేర్లు ముందు చేరును. ఊరి చివర గుడిసెలోని ముసలిది, పనులకై వలస పోయిన కుటుంబము, చదువురాని ఒంటరి స్త్రీ మిగిలిపోవుదురు. ఇందుకు మారుగా, ఒక్కొక్క ఇంటిని తీసికొని, ఆ ఇంట ఏమి జరిగినది, దానివలన ఏయే సాయములకు అర్హత కలిగినది అని చూడవలెను. ఈ పద్ధతిని ఒక ఉదాహరణముతో వివరించెదము.

కూలిపని చేసి ఇల్లు నడుపు నలువదేండ్ల మనిషి మరణించినాడనుకొందము. భార్య, బడికి పోవు ఇద్దరు పిల్లలు మిగిలినారు. ఆంధ్రప్రదేశ్ గ్రామములో ఈ కుటుంబము కొరకు సభ్యుడు చూడవలసినవి ఇవి.

1. మరణ నమోదు. తక్కిన అన్నింటికి ఇదియే తాళపుచెవి. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము ప్రకారము మరణమును 21 దినములలోగా తెలుపవలెను. అప్పుడు రుసుము లేదు. గడువు దాటినచో ఆలస్యపు రుసుము పడును; సంవత్సరము దాటినచో మెజిస్ట్రేటు ఉత్తరువు కావలసి వచ్చును. ఊరిలో జరిగిన మరణము పంచాయతీ కార్యదర్శి వద్దనే నమోదగును గనుక, ఈ మొదటి మెట్టు మన చేతిలోనే ఉన్నది. పట్టణపు ఆసుపత్రిలో మరణించినచో అక్కడనే నమోదు జరుగును. పత్రము అచ్చటనుండి తెచ్చుకొనవలెను. పత్రములోని పేరు ఆధార్ కార్డులోను, బ్యాంకు పుస్తకములోను ఉన్నట్లే ఉన్నదా యని ఆనాడే సరిచూడవలెను. ఒక్క అక్షరము తేడా వలన నెలల తరబడి తిరుగవలసి వచ్చును.

2. బ్యాంకు పుస్తకము. మృతుని ఖాతా పుస్తకమును తెరచి, సంవత్సరమునకు ఒకమారు 436 రూపాయలు గాని, 20 రూపాయలు గాని తగ్గినవా యని చూడవలెను. ఖాతా తెరచునాడు ఏ కాగితముపై వ్రేలిముద్ర వేసినారో ఇంటివారికి జ్ఞాపకముండదు. 436 రూపాయలు ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమాది. ఏ కారణముచే మరణించినను 2 లక్షల రూపాయలు వచ్చును. 20 రూపాయలు సురక్షా బీమాది. ప్రమాదమున మరణించినచో 2 లక్షలు వచ్చును. ఈ రెండును 2015లో ప్రారంభమైనవి. రోడ్డు ప్రమాదమైనచో పోలీసు కాగితములు కావలెను. పాముకాటు, చెట్టుపైనుండి పడుట వంటివానికి ఆసుపత్రి కాగితము కావలెను. కనుక అట్టి కాగితములను పారవేయరాదని ఇంటివారికి ముందే చెప్పవలెను.

3. కుటుంబ సహాయము. 1995లో ప్రారంభమైన జాతీయ సామాజిక సహాయ కార్యక్రమములో ఇది ఒక భాగము. దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబములో 18 మొదలు 59 సంవత్సరముల వయసుగల సంపాదనపరులు మరణించినచో ఒకేసారి 20,000 రూపాయలు ఇచ్చుటకు ఇందు ఏర్పాటు కలదు. మృతులు పురుషులే కానక్కరలేదు. స్త్రీ సంపాదనపై నడచిన ఇంటికిని ఇది వర్తించును. దీనిని గురించి తహసీలుదారు కార్యాలయములో వ్రాతమూలకముగా అడుగుట మేలు.

4. పింఛను. రాష్ట్రములో వితంతువులకు ఇచ్చు పింఛను 2024 జులైలో నెలకు 4,000 రూపాయలైనది. మృతుడే వృద్ధాప్య పింఛనుదారు అయినచో, ఆ పింఛనును భార్యకు మార్చు ఏర్పాటు ఉన్నదనియు జ్ఞాపకముంచుకొనవలెను.

5. పిల్లలు. మిషన్ వాత్సల్య పథకము క్రింద, తండ్రిని గోల్పోయి తల్లి వద్ద పెరుగుచున్న పిల్లలకు నెలకు 4,000 రూపాయల పోషణ సాయము పొందుటకు అవకాశము కలదు. గ్రామములలో కుటుంబ వార్షికాదాయము 72,000 రూపాయలు మించరాదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగమునకు చేరవలెను. పిల్లవాడు బడి మాని కూలికి పోకుండ ఆపగల సాయమిది. అయినను ఊళ్లలో దీని పేరు విన్నవారు తక్కువ.

6. బియ్యపు కార్డు. 2013 నాటి ఆహార భద్రతా చట్టము ప్రకారము కార్డులోని ఒక్కొక్క మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబమునకు 35 కిలోలు రావలెను. 2024 జనవరి మొదలు అయిదేండ్లపాటు ఇది ఉచితముగా ఇచ్చుటకు కేంద్రము నిర్ణయించినది. మృతుని పేరు తీసివేయించుట ధర్మము. అదే సమయమున చిన్నపిల్ల పేరు చేరినదా యని చూచుటయు ధర్మమే.

7. వృత్తి. మృతుడు తాపీపనివాడో, ఇటుకలు మోయు కూలియో అయినచో భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో సభ్యుడా యని విచారింపవలెను. ఏడాదిలో 90 దినములు ఈ పని చేసిన, 18 మొదలు 60 ఏండ్ల లోపువారు సభ్యులు కావచ్చును. ఊరిలో బ్రతికియున్న కార్మికులను ఇప్పుడే చేర్పించుట మరింత మంచిది.

ఇవన్నియు ప్రతి ఇంటికి తప్పక వచ్చునని కాదు. నియమములు, నిధులు చూచి అధికారులు నిర్ణయింతురు. కాని అడుగనిచో ఒక్కటియు రాదు. పెనిమిటి పోయిన ఇల్లాలు ఆ నెలలోనే వడ్డీకి అప్పు తెచ్చుట, పెద్దపిల్లను బడి మాన్పించుట మనము ఎరిగినవే. సకాలమున మూడు కాగితములు కదలినచో ఆ రెండును తప్పిపోవచ్చును.

ఇంటింటి పుస్తకము

ప్రతి సభ్యుడు తన వార్డుకు ఒక పుస్తకము పెట్టుకొనవలెను. ఒక్కొక్క ఇంటికి ఒక పుట చాలును: ఇంటివారి పేర్లు, వయసులు, వృత్తి, ఇప్పుడు వచ్చుచున్న సాయము, రావలసినది, కొరవడిన కాగితము, దరఖాస్తు పెట్టిన తేదీ, రశీదు సంఖ్య. మూడు నెలలకు ఒకమారు దీనిని సరిచూడవలెను. ఇంటివారి రోగములను, అప్పులను గ్రామసభలో బయటపెట్టరాదు. ఎన్ని దరఖాస్తులు నిలిచినవో ఆ లెక్క మాత్రము చెప్పవలెను.

2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములన్న పేర ప్రారంభమైన కార్యాలయములలోని సంక్షేమ సహాయకులు, డిజిటల్ సహాయకులు ఈ పనిలో తోడ్పడగలరు. 2022లో కేంద్రము ఏర్పరచిన మై స్కీమ్ వెబ్‌సైటులో వయసు, వృత్తి, ఆదాయము తెలిపినచో తగిన పథకముల పట్టిక కనబడును. ఆ పట్టికను చూచి, నేటి నియమములను కార్యాలయములో నిర్ధారించుకొనవలెను.

దరఖాస్తు ఇచ్చినచోట రశీదు తప్పక పుచ్చుకొనవలెను. జవాబు రానిచో 1100 సంఖ్యకు ఫోను చేయవచ్చును. సోమవారము కలెక్టరు కార్యాలయమున అర్జీ ఇయ్యవచ్చును. 2005 నాటి సమాచార హక్కు చట్టము ప్రకారము 30 దినములలో సమాధానము కోరవచ్చును. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అందు రుసుము లేదు. స్త్రీలకు, షెడ్యూల్డు కులముల, తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము కలదు. దానికి 15100 సంఖ్య. అర్హత లేనివానికి లేదని మర్యాదగా చెప్పుటయు సభ్యుని పనియే. మధ్యవర్తులకు ఒక్క రూపాయియు ఇయ్యనక్కరలేదని అందరికిని తెలియజేయవలెను.

సభ్యులు చర్చింపదగిన ప్రశ్నలు

1. గడచిన సంవత్సరములో మన ఊరిలో సంపాదనపరులు మరణించిన ఇండ్లు ఎన్ని? ఆ మరణములన్నియు నమోదైనవా?

2. ఆ ఇండ్లలో ఎవరి బ్యాంకు పుస్తకమును మనము తెరచి చూచినాము?

3. తండ్రి లేని పిల్లలు ఎవరెవరు? వారిలో బడి మానినవారు కలరా?

4. వచ్చు సమావేశము లోపల ఏ సభ్యుడు ఏ వీధి పుస్తకమును పూర్తిచేయును?