పర్యావరణ పరిశీలన: కేంద్రము పాలు, రాష్ట్రము పాలు, మన పాలు

గత సంవత్సరము ఒక సాయంకాలము బడి విడిచిన పిమ్మట, మా ఎనిమిదవ తరగతి బాలిక తండ్రి ఒకరు చేత కాగితమును పట్టుకొని మా గదికి వచ్చిరి. వారి యూరి చెంత పెద్ద రాతి క్వారీ పెట్టుటకై వెలువడిన ప్రకటన అది. అది రాష్ట్ర భాషలో నుండుటచే, పంచాయతీ గోడపై మూడు వారములున్నను వారు దాని యర్థము నెరుగరు. తుదకు కుమార్తె చదివి చెప్పినది. అప్పటికి సభ ముగిసి రెండు దినములైనది. “మా బావి సంగతి ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదండీ” అని వారు చింతించిరి. వారికి మేమును సరియైన సమాధానము చెప్పలేకపోయితిమి. పిమ్మట తెలిసికొన్న విషయములను తల్లిదండ్రుల యుపయోగార్థ మిచట వ్రాయుచున్నాము.

గని, ఆనకట్ట, ఉష్ణ విద్యుత్కేంద్రము, సిమెంటు కర్మాగారము మున్నగునవి దేశమునకు కావలసినవే. అయినను అవి నీటిని, గాలిని, పొలమును, అడవిని ఎట్లు మార్చునో ముందుగా తెలిసికొనుట వివేకము. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టము క్రింద 1994లో కేంద్ర ప్రభుత్వము ఇందులకొక ఉత్తరువు చేసెను. దాని స్థానమున 2006 సెప్టెంబరు 14వ తేదీన వెలువడినది, అనేక సవరణలతో, నేటికిని అమలులో నున్నది. దానిలో పేర్కొనబడిన పనులకు పర్యావరణ అనుమతి లేనిదే పునాది తీయరాదు.

ఈ యనుమతి నిచ్చునది ఎవరు? కేంద్రమా, రాష్ట్రమా? ఒకే పనిని ఇరువురును మొదటినుండి వేర్వేరుగా పరీక్షించినచో కాలము వృథాయగును. ఎవరికి వారు రెండవవారు చూతురులే యని యూరకున్నచో ప్రజలకు హాని కలుగును. అందుచే పనులను రెండు తరగతులుగా విభజించిరి. ‘ఎ’ తరగతి పనులను కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ తన నిపుణుల సంఘము సలహాపై నిర్ణయించును. ‘బి’ తరగతి పనులను ప్రతి రాష్ట్రమునందును ఇందుకై నియమింపబడిన ప్రాధికార సంస్థ, రాష్ట్ర నిపుణుల సంఘము సలహాపై నిర్ణయించును. ఈ రాష్ట్ర సంస్థను సైతము రాష్ట్రము సూచించిన సభ్యులతో కేంద్రమే నియమించును. ఇది రెండు ప్రభుత్వములను కలుపు మొదటి ముడి.

రెండవ ముడి మనకు మరింత ముఖ్యము. నిర్ణయము కేంద్రమునదైనను, ప్రజల మాటను వినువారు రాష్ట్రము వారే. ప్రజాభిప్రాయ సేకరణ సభను రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాటు చేయవలెను. జిల్లా కలెక్టరు గాని, వారు నియమించిన ఉన్నతాధికారి గాని అధ్యక్షత వహింపవలెను. పని జరుగు తావున గాని, దానికి మిక్కిలి సమీపమున గాని సభ జరుగవలెను. కనీసము 30 దినములు ముందుగా పత్రికలలో ప్రకటింపవలెను. పత్రికలు చేరని యూళ్లలో దండోరా వేయించియైనను తెలుపవలెనని ఉత్తరువులోనే యున్నది. సభలో పలికిన మాటలను వ్రాసికొని, తుదిని స్థానిక భాషలో చదివి వినిపింపవలెను.

ఇచట ఒక హెచ్చరిక. ఈ సభకు ఇంతమంది రావలెనను నియమము లేదు. పదిమంది వచ్చినను సభ సభయే. మనము వెళ్లనందున సభ ఆగదు; మన మాట మాత్రమే ఆగును.

ఇక మూడవ ముడి రాష్ట్రముల సరిహద్దు. మన తెలుగు కుటుంబములు పెక్కు సరిహద్దు తాలూకాలలో నివసించుచున్నవి. సరిహద్దుకు 5 కిలోమీటర్ల లోపల నున్న పెక్కు ‘బి’ తరగతి పనులను కేంద్రమే పరిశీలింపవలెనని నియమము. మొదట ఈ దూరము 10 కిలోమీటర్లు, 2014లో తగ్గించిరి. ఉభయ రాష్ట్రములు ఒడంబడినచో ఈ నియమమును సడలింపవచ్చును. పని జరుగు స్థలము రెండు రాష్ట్రములలో వ్యాపించినచో ఒక్కొక్క రాష్ట్రమునను వేరుగా సభ జరుపవలెను.

ఈ ముడి వదులైనచో నేమగునో పోలవరము చరిత్ర చెప్పుచున్నది. గోదావరిపై కట్టదలచిన ఈ ప్రాజెక్టునకు 2005 అక్టోబరులో కేంద్రము పర్యావరణ అనుమతి నిచ్చెను. ముంపు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గ్రామములకును సోకునని తెలిసినను, సభలు ఆంధ్రప్రదేశములో మాత్రమే జరిగెను. 2007 డిసెంబరులో జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఈ లోపము కారణముగా అనుమతిని రద్దు చేసెను. హైకోర్టు ఆ రద్దును నిలిపివేసెను. 2011 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రిత్వ శాఖ పనులు నిలుపుమని యుత్తరువిచ్చి, పిమ్మట దానిని పలుమార్లు తాత్కాలికముగా పక్కన బెట్టుచు వచ్చెను. ప్రాజెక్టు మంచిదా, చెడ్డదా యని మేమిచట తీర్పు చెప్పుట లేదు. ఆవలి గట్టు వారిని ముందే పిలిచి వినియున్నచో, ఆ యొక్క లోపముపై ఇన్ని వ్యాజ్యములు రాకుండెడివి గదా యని మాత్రమే మా మాట.

కావున మనము చేయదగిన పనులు మూడు కలవు. ప్రకటన కంటబడినంతనే బడికి తెచ్చి చదివించుకొనుడు. పరిశీలన నివేదిక ప్రతులు కలెక్టరు కార్యాలయమునను, జిల్లా పరిషత్తునను ఉంచబడును, అచట చూడవచ్చును. నివేదిక సంగ్రహము ఇంగ్లీషునందే గాక రాష్ట్ర అధికార భాషలో లేదా స్థానిక భాషలో నుండవలెనని ఉత్తరువు చెప్పుచున్నది. తెలుగువారు మెండుగా నున్న గ్రామములవారు తెలుగు సంగ్రహము కూడ కావలెనని వినయముతో వ్రాసి కోరుటలో తప్పు లేదు. సభకు పోజాలనివారు తమ యభిప్రాయమును వ్రాతమూలముగా పంపవచ్చును. అనుమతి వెలువడిన పిమ్మట అన్యాయము జరిగినదని తోచినచో, 30 దినములలోగా జాతీయ హరిత ట్రైబ్యునల్‌లో అప్పీలు చేసికొనవచ్చును. దాని బెంచీలు చెన్నై, పూణే, కలకత్తా నగరములలోను కలవు.

మా పిల్లలకు రాష్ట్ర భాష యెందుకని కొందరును, తెలుగెందుకని మరికొందరును మమ్మడుగుచుందురు. ఆ సాయంకాలము వచ్చిన తండ్రిగారే దానికి సమాధానము. ప్రకటన చదువుటకు రాష్ట్ర భాష కావలెను. దానిని ఇంటిలో తల్లికి, తాతకు విప్పి చెప్పుటకు తెలుగు కావలెను. ఈ రెండును వచ్చిన బాలిక ఆ యింట నున్నది. ఆమె చేతికి కాగితము మూడు వారములు ముందుగా అందియున్నచో, ఆ బావి సంగతి కలెక్టరుగారి పుస్తకములో నెక్కియుండెడిది. ఇకమీదట అట్టి కాగితము మన పిల్లల చేతికి ఆలస్యము లేక చేరునట్లు చూచుట తల్లిదండ్రుల బాధ్యత. చదువ నేర్పుట మా బాధ్యత.