డొమైన్ ఎవరి పేరున ఉంది?

సమస్య

రాయగడ నుంచి ఉత్తరం రాసిన పాఠకురాలికి నలభై దాటాయి. పుట్టిల్లు పార్వతీపురం వైపు, మెట్టినిల్లు ఒడిశా. కోరాపుట్ కొండల్లోని రైతుల దగ్గర కాఫీ గింజలు, కాలాజీరా బియ్యం, పసుపు, అల్లం కొని, శుభ్రం చేయించి, పొట్లాలు కట్టి అమ్ముతారామె. సాయానికి ఇద్దరు ఆడవాళ్లున్నారు. మొదట్లో వీధిలోవాళ్లే కొనేవారు. తర్వాత విశాఖ, విజయనగరాల్లోని చుట్టాలు వాట్సాప్‌లో అడగడం మొదలుపెట్టారు, ఆపైన వాళ్ల ఇరుగుపొరుగు. ఏ ఆర్డరు పంపారో, ఎవరి డబ్బు రాలేదో గుర్తుపెట్టుకోవడం కష్టమై, సొంతానికి ఒక వెబ్‌సైట్ ఉంటే బాగుండుననుకున్నారు.

తోడికోడలి తమ్ముడికి స్నేహితుడైన ఒక కుర్రాడు ఇంట్లో కూర్చుని ఫ్రీలాన్స్‌గా సైట్లు చేస్తాడని తెలిసింది. “మీరేం చూసుకోనక్కర్లేదక్కా, అంతా నేను పెట్టేస్తా” అన్నాడతను. పెట్టేశాడు కూడా. డొమైన్ తన ఖాతాలో, తన ఈమెయిల్‌తో కొన్నాడు. హోస్టింగ్ కూడా అలాగే. ఆమె మూడు విడతలుగా ఫోన్‌పేలో డబ్బు వేశారు. కాగితం ఏదీ రాసుకోలేదు, అయినవాళ్ల మధ్య కాగితమేమిటన్న మొహమాటంతో. సైటు చక్కగా కుదిరింది, ఆర్డర్లూ వచ్చాయి. ఇంతలో అతనికి బెంగళూరులో ఉద్యోగమొచ్చింది. ఇప్పుడు సైటులో బియ్యం ధర నిరుటిదే ఉంది. పాస్‌వర్డు అడిగితే “ఈ వారం చూస్తానక్కా” అంటాడు. ఆ వారం రావడం లేదు.

విశాఖలో ఇంకో డిజైనర్‌ని కలిస్తే డొమైన్ గడువు దగ్గరపడిందని ఆయనే కనిపెట్టి చెప్పాడు. పాతది వదిలేసి మొదటి నుంచీ కస్టమ్‌గా కట్టిస్తానని, పాతదానికి రెట్టింపు దాటిన మొత్తం అడిగాడు. వాట్సాప్ చాలదా అని భర్త అంటున్నారు. కుర్రాడితో గట్టిగా మాట్లాడితే తోడికోడలికి కష్టం కలుగుతుందని ఆమె భయం. పాతవాడితో తగవు పడకుండా బయటపడటం, కొత్తవాడి దగ్గర మోసపోకుండా ఉండటం: ఈ రెండూ ఎలాగన్నది ఆమె ప్రశ్న.

సలహా

విశాఖ డిజైనర్ సంగతి కొన్నాళ్లు ఆగాలి. ముందు దక్కించుకోవలసింది డొమైన్. ఇప్పుడున్న పరిస్థితి, ఇల్లు ఆమె డబ్బుతో లేచి పట్టా మేస్త్రి పేరున ఉన్నట్టుంది. సైటు పోతే మళ్లీ చేయించుకోవచ్చు. పొట్లాల మీద అచ్చయిన పేరు, విశాఖ ఖాతాదార్లు ఫోన్లలో దాచుకున్న చిరునామా మళ్లీ దొరకవు.

గడువు దాటడం చిన్నవాళ్లకే జరిగే పొరపాటు కాదు. 1999 క్రిస్మస్ సమయంలో మైక్రోసాఫ్ట్ తన ‘పాస్‌పోర్ట్ డాట్ కామ్’ పేరును రెన్యూ చేయడం మరచిపోయింది. దాని మీద ఆధారపడిన హాట్‌మెయిల్‌లోకి జనం వెళ్లలేకపోయారు. మైకేల్ చేనీ అనే ప్రోగ్రామర్, ఆ కంపెనీతో ఏ సంబంధమూ లేని మనిషి, తన కార్డుతో 35 డాలర్లు కట్టి దాన్ని నిలబెట్టాడు. అంత పెద్ద కంపెనీకి ఒక మంచివాడు దొరికాడు. అలాంటివాడు దొరుకుతాడన్న నమ్మకంతో రాయగడ దుకాణం నడవకూడదు. డాట్ కామ్ పేరైతే గడువు దాటాక రిజిస్ట్రార్ కొద్ది వారాలు మామూలు రుసుముకే రెన్యూ చేయనివ్వచ్చు. ఆ తర్వాతి 30 రోజుల్లో విడిపించుకోవాలంటే అంతకు ఎన్నో రెట్లు కట్టాలి. ఆపైన ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు.

కాబట్టి కుర్రాడితో మొదటి మాట తగవు మాట కాకూడదు. “తమ్ముడూ, రెన్యువల్ డబ్బు ఇప్పుడే పంపుతున్నా, ఈ రోజు కట్టేసి రసీదు పెట్టు” అని అడిగి, మాటతోపాటే డబ్బూ పంపాలి. మామూలు పేరుకు ఏడాదికి వెయ్యి, రెండు వేలలోపే. గడువు భయం తీరాక రెండో మాట. ఆమె తన సొంత ఈమెయిల్‌తో, తన ఫోన్ నంబరుతో, అదే రిజిస్ట్రార్ దగ్గర ఖాతా తెరవాలి. ఒకే రిజిస్ట్రార్ దగ్గర ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పేరు మార్చడం చాలాచోట్ల నిమిషాల పని. వేరే రిజిస్ట్రార్‌కు తీసుకెళ్లాలంటే అతను తాళం తీసి, బదిలీ కోడ్ ఇవ్వాలి. ఖాతా మారితే చాలదు, యజమాని వివరాల్లో అతని పేరు తీసి ఆమె పేరు, చిరునామా రాయించాలి. ఉద్యోగంలో తీరిక లేని కుర్రాడికి “పాస్‌వర్డులన్నీ పంపు” అన్నది ఎప్పటికీ తెమలని పనిలా కనిపిస్తుంది. “ఆదివారం వీడియో కాల్‌లో పదిహేను నిమిషాలు కూర్చుందాం, నువ్వు చెప్పు, నేను నొక్కుతా” అంటే అయిపోయే పనిలా కనిపిస్తుంది. అతని మీద అనుమానం లేదని ఆ మాటతోనే తెలుస్తుంది. ఉత్తరం చదివితే అతను దురాశపరుడిలా అనిపించడు, వాయిదా వేసే మనిషిలా అనిపిస్తాడు. తోడికోడలిని మధ్యకు పిలవాలంటే ఈ కాల్ కుదర్చడానికే పిలవాలి, ఫిర్యాదుకు కాదు.

అప్పటికీ కదలకపోతే? డొమైన్ పేర్ల కోసం మన దేశంలో ప్రత్యేక చట్టం లేకపోయినా రక్షణ ఉంది. ఆ దారి వేసిన కేసు తెలుగువాళ్లకు తెలిసిన సంస్థదే. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే 1999లో ‘సిఫీ’ పేరుతో డొమైన్లు తీసుకుంది. 2001లో మరో కంపెనీ ‘సిఫ్ఫీనెట్’ అని దాదాపు అదే పేరు పెట్టుకుంది. 2004 మే నెలలో సుప్రీంకోర్టు సత్యం వైపు తీర్పునిస్తూ, డొమైన్ కేవలం చిరునామా కాదని, వ్యాపారపు పేరులా అదీ రక్షణకు తగినదేనని చెప్పింది. డాట్ ఇన్ పేర్లయితే వాటిని నిర్వహించే నిక్సీ సంస్థకు మధ్యవర్తిత్వ విధానమూ ఉంది. అయితే చిన్న దుకాణం ఈ ఖర్చులకు దిగడం తెలివైన పని కాదు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. రాయగడలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇస్తే కేసు వేయకముందే ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీకి ప్రయత్నించే వీలుంది. ఫోన్‌పే రసీదులు, వాట్సాప్ సంభాషణలు, పేరు అచ్చయిన పాత పొట్లాలు జాగ్రత్త చేసుకుంటే అవే సాక్ష్యం.

ఇక కాగితం. అయినవాళ్ల మధ్య ఎందుకనుకున్న ఆ కాగితం లేకపోవడం వల్ల ఏం పోతుందో చాలామందికి తెలియదు. డబ్బిచ్చి చేయించుకున్నాం కాబట్టి సైటు మనదే అనుకుంటారు. 1957 నాటి కాపీరైట్ చట్టం అలా అనదు. జీతానికి పనిచేసే ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా చేసినదానికి సాధారణంగా యజమానే మొదటి హక్కుదారు. ఫ్రీలాన్సర్ ఉద్యోగి కాడు. అతను రాసిన కోడ్‌కు, గీసిన డిజైన్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, అతనే హక్కుదారు. చట్టం దృష్టిలో కంప్యూటర్ ప్రోగ్రాం కూడా సాహిత్య రచనే. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలకు మాత్రం 17వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది: వాటి హక్కు తీయించుకున్నవారిదే. హక్కులు చేతులు మారాలంటే 19వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా, ఇచ్చేవాడి సంతకంతో ఉండాలి. ఆ కాగితంలో ఎన్నాళ్లకో రాయకపోతే అయిదేళ్లకే ఇచ్చినట్టు లెక్క. ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే. రేపు ఏ అమెరికా తెలుగు కుటుంబమో కాఫీ అడిగితే ఆ ఒక్క మాట కూడా అవసరపడుతుంది. అందుకే ఒక పేజీ చాలు: ఫలానా సైటుకు చేసిన డిజైన్, కోడ్, లోగోల మీది హక్కులన్నీ పూర్తి కాలానికి, ప్రపంచమంతటికీ, పూర్తి సొమ్ము ముట్టిన రోజు నుంచి ఆమెకు ఇస్తున్నట్టు. ఏడాదిలోగా వాడకపోతే హక్కు జారిపోతుందన్న నిబంధన ఈ ఒప్పందానికి వర్తించదని ఇంకో వాక్యం చేర్చాలి. పాత కుర్రాడితోనూ, కొత్తవాడితోనూ ఇదే. వర్డ్‌ప్రెస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ మీద వాళ్లిద్దరికీ సొంత హక్కేమీ లేదు, దాన్ని చూపించి భయపెడితే భయపడనక్కర్లేదు.

విశాఖ డిజైనర్ అంటున్న కస్టమ్ సైటు ఆమెకు అవసరమా? ఉత్తరంలో ఉన్నంతవరకు, లేదు. కస్టమ్ అన్న మాటకు పనివాళ్లలో రెండర్థాలున్నాయి. కోడ్ మొత్తం మొదటి నుంచీ రాయడం ఒకటి. వర్డ్‌ప్రెస్ మీద సిద్ధంగా ఉన్న థీమ్ తీసుకుని రంగులు, పేజీలు మార్చడం ఇంకొకటి. ధర మొదటిదానికి చెప్పి పని రెండోది చేసేవాళ్లున్నారు, కాబట్టి ఏది చేస్తారో ముందే అడగాలి. ఆమె అమ్మేది పది పన్నెండు సరుకులు. ఒకడే రాసిన కోడ్‌ను అతను వెళ్లిపోయాక విప్పడానికి రెండోవాడు దొరకడం కష్టం. ఇప్పటి ఇబ్బందే మళ్లీ, ఈసారి రెట్టింపు ధరకు. వర్డ్‌ప్రెస్ 2003లో వచ్చింది, ప్రపంచంలోని సైట్లలో నూటికి నలభైకి పైగా దాని మీదే నడుస్తున్నాయి. గుణుపురం ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన పిల్లల్లోనో, జయపురంలోనో, విశాఖలోనో దాన్ని సరిచేయగలవాళ్లు దొరుకుతారు. సైటు తేలిగ్గా ఉండాలన్నది కూడా ఒప్పందంలో రాయాలి. కొండల మధ్య సిగ్నల్ అంతంతమాత్రంగా అందే ఫోన్‌లో తెరుచుకోని సైటు ఎంత అందంగా ఉన్నా వృథా.

మిగిలిన డబ్బు భాషల మీద పెడితే మేలు. ఆమె ఖాతాదార్లలో సగంమంది తెలుగు, సగంమంది ఒడియా. డీటీపీ అలవాటున్న డిజైనర్లు తెలుగును అను ఫాంట్లలో, ఒడియాను ఆకృతి ఫాంట్లలో కొట్టి అతికిస్తారు. పొట్లం మీద అచ్చుకు అది సరిపోతుంది, వెబ్‌లో పిచ్చిరాతలుగా కనిపిస్తుంది, గూగుల్‌లో వెతికితే దొరకదు. అంతా యూనికోడ్‌లో ఉండాలని ముందే చెప్పాలి. ఖర్చు లేకుండా మంచి అక్షరాలు దొరుకుతాయి. ముంబయికి చెందిన ఏక్ టైప్ సంస్థ ‘బాలూ’ అనే అక్షర కుటుంబాన్ని మన దేశంలోని చాలా లిపులకు గీసింది. అందులో తెలుగుదాని పేరు ‘బాలూ తమ్ముడు’, ఒడియాదాని పేరు ‘బాలూ భాయినా’. రెండు లిపులూ ఒకే చేతి రాతలా కనిపిస్తాయి, రాయగడ బజారుకు ఇంతకంటే తగిన జోడీ ఉండదు. ‘గిడుగు’ పేరుతోనూ ఒక తెలుగు ఫాంటు ఉచితంగా దొరుకుతుంది. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవరల భాషకు నిఘంటువు, వ్యాకరణం కూర్చిన రామమూర్తిగారి పేరు అది. సవరలున్న జిల్లాలో పెట్టిన దుకాణానికి ఆ అక్షరం శోభిస్తుంది.

సరుకుల పేర్లు రాసేటప్పుడు డిజైనర్‌ని నమ్మకూడదు, అది ఆమె చూసుకోవాలి. ‘కోరాపుట్ కాఫీ’ పేరుతో ఒడిశా గిరిజన సహకార సంస్థ 2019లో బ్రాండ్ తెచ్చింది. అదే పేరు డొమైన్‌లోనో లోగోలోనో పెడితే సిఫీ కేసులో ఓడిన పక్షం స్థానంలో ఆమె నిలబడాల్సి వస్తుంది. కోరాపుట్ కాలాజీరా బియ్యానికి, డొంగ్రియా కొంధుల ఎంబ్రాయిడరీ శాలువకు 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు దక్కింది. గుర్తింపు ఉన్న పేరును, ముద్రను వాడాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. బియ్యం పండించే రైతుల సంఘానికి ఆ నమోదు ఉందా అని అడిగి, ఉంటే ఆ వివరం సైటులో చూపిస్తే రైతుకూ గౌరవం, కొనేవాళ్లకూ నమ్మకం. చాటికోన బుధవారం సంతలో డొంగ్రియా ఆడవాళ్ల ఫొటోలు ఇంటర్నెట్‌లో కొల్లలుగా ఉన్నాయి, డిజైనర్లు అందంగా ఉంటుందని తెచ్చి పెడుతుంటారు. ఎవరి ముఖమైనా వాళ్లు ఒప్పుకుంటేనే పెట్టాలి. ఆమె దగ్గర పనిచేసే ఇద్దరూ, సరుకు అమ్మే రైతులూ ఇష్టపడితే వాళ్ల ఫొటోలే చాలు.

సొమ్ము విడతలుగానే ఇవ్వాలి, అయితే తేదీలను బట్టి కాదు, చేతికందినదాన్ని బట్టి. మొదటి విడత పని మొదలవగానే. రెండోది ఫోన్‌లో సైటు తెరిచి, ఒక పొట్లం తనే ఆర్డరిచ్చి, డబ్బు తన ఖాతాలో పడ్డాక. చివరిది డొమైన్, హోస్టింగ్, పేమెంట్ గేట్‌వే మూడూ ఆమె ఈమెయిల్ మీదకు వచ్చి, సైటు పూర్తి నకలు ఆమె కంప్యూటర్‌లో చేరి, హక్కుల కాగితం మీద సంతకం పడ్డాక. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం దుకాణం పేరు, చిరునామా, ఫిర్యాదులు చూసే మనిషి వివరాలు సైటులో ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ఆ మనిషి ఆమే కావచ్చు.

జీఎస్టీ గురించి ఉత్తరంలో ఏమీ లేదు. రాయగడ నుంచి విశాఖకు పన్ను వర్తించే సరుకు పంపితే అది రాష్ట్రం దాటిన అమ్మకం. అలాంటి అమ్మకానికి, టర్నోవరు ఎంత తక్కువైనా, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కాంపొజిషన్ పథకంలో ఉన్నవాళ్లు రాష్ట్రం దాటి అమ్మనే కూడదు. డొమైన్ చేతికొచ్చిన వారంలోనే అకౌంటెంట్‌ని కలిసి ఈ సంగతి తేల్చుకుని, జీఎస్టీ నంబరు వచ్చాకే కొత్త సైటులో పార్వతీపురం, విశాఖ పిన్‌కోడ్‌లకు ఆర్డర్లు తెరవాలి.