సినిమా రివర్సల్ ఫిల్మ్ మన కెమెరాకు దొరుకుతుందా?

ఫోటో తీయగానే ఫోనులో చూసుకునే ఈ రోజుల్లో 'స్లైడు' అనే మాట చిన్న తరగతుల తమ్ముళ్లకు కొత్తగా ఉండవచ్చు. మామూలు కలర్ ఫిల్మ్‌ను కడిగితే నెగెటివ్ వస్తుంది. అందులో రంగులన్నీ తారుమారుగా ఉంటాయి. రివర్సల్ ఫిల్మ్‌ను కడిగితే నేరుగా అసలు బొమ్మే వస్తుంది. వెలుతురుకు ఎత్తి చూస్తే వలిసె పూల పసుపు పసుపుగానే కనిపిస్తుంది. అదే స్లైడు.

మన పెద్దల ధింసాను, ఇటుకల పండుగను స్లైడ్లుగా తీసి దాచాలని పూర్వ విద్యార్థులమైన మేము అనుకుంటున్నాం. 1940లలో హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు కొండరెడ్ల మధ్య తిరిగి తీసిన ఫోటోలు నేడు లండన్‌లోని సోయాస్ సంస్థలో భద్రంగా ఉన్నాయి. మన కొండల బొమ్మలు మన దగ్గర కూడా ఉండాలి కదా!

సినిమా రివర్సల్ ఫిల్మ్ మన కెమెరాలో పనిచేస్తుందా? 35 మి.మీ.దైతే చేస్తుంది. అసలు చిన్న కెమెరా పుట్టిందే సినిమా ఫిల్మ్ నుండి. జర్మనీలో ఆస్కార్ బార్నాక్ ఆ ఫిల్మ్ కోసమే తయారుచేసిన కెమెరా 1925లో లైకా పేరుతో బజారుకు వచ్చింది. సినిమా కెమెరాలో ఫిల్మ్ నిలువుగా నడుస్తుంది, ఒక్కో ఫ్రేముకు 4 రంధ్రాలు. మన కెమెరాలో అడ్డంగా నడుస్తుంది, 8 రంధ్రాలు. 400 అడుగుల డబ్బా సినిమాకు నాలుగున్నర నిమిషాల్లో అయిపోతుంది. అదే డబ్బాను చీకట్లో కత్తిరించి చుట్టుకుంటే మనకు 36 ఫోటోల రోళ్లు సుమారు 70 వస్తాయి!

దొరకడమే కష్టం. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 'ఇందు' పేరుతో ఫిల్మ్ తయారుచేసేది. ఇప్పుడు అదీ లేదు. కొడాక్ 2012లో ఎక్టాక్రోమ్ ఆపేసి 2018లో మళ్లీ తెచ్చింది. స్టిల్ కెమెరా రోలుతో పాటు సినిమాకు సూపర్ 8, 16 మి.మీ. కూడా వచ్చాయి, కానీ ఆ రెండూ మన కెమెరాలో పట్టవు. 35 మి.మీ. సినిమా రకం ఆ తరువాత వచ్చింది.

చవకగా ఎవరైనా 'సినిమా ముక్కలు' అమ్మితే డబ్బా మీది అంకె చూడండి. కొడాక్‌లో 5తో మొదలైతే 35 మి.మీ., 7తో మొదలైతే 16 మి.మీ. 5294, పాత 5285 రివర్సల్. 5219, 5207 నెగెటివ్. ఈ నెగెటివ్‌ల పాత డబ్బాల్లో ఫిల్మ్ వెనుక నల్లటి మసిపూత ఉంటుంది. స్లైడ్లు కడిగే ఈ-6 రసాయనంలో వేస్తే ఆ మసి ఊడి మిగతా ఫిల్ములను కూడా పాడుచేస్తుంది.

మా లెక్క ప్రకారం ఒక హాస్టలుకు పెద్ద డబ్బా దండగ. విడి రోళ్లే మేలు. ఈ-6 కడగడం 38 డిగ్రీల వేడిలో కొలతగా జరగాలి, నగరంలోని ల్యాబుకు పంపక తప్పదు. స్లైడు పొరపాటును క్షమించదు. వెలుతురు కాస్త ఎక్కువ పడితే అరకు మంచు ఉత్త తెల్లకాగితమే. మన తేమకు బూజు పట్టకుండా సిలికా జెల్‌తో మూత బిగిసే డబ్బాలో ఉంచాలి.

నెగెటివ్ ఉండదు కనుక స్లైడు ఒక్కటే అసలు. వచ్చిన వెంటనే స్కాన్ చేయించి, అట్ట చట్రం మీద ఊరు, తేదీ, ఫోటోలో ఉన్నవారి పేర్లు వాళ్లనే అడిగి పెన్సిలుతో రాయాలి.