ఇల్లు అమ్మువారు – మధ్యవర్తి కమీషను

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అను సామెత మన పల్లెలలో అందరికిని తెలిసినదే. కట్టిన ఇంటిని తగిన ధరకు అమ్ముకొనుటయు అంత సులభమైన పని కాదు. బిడ్డ పెండ్లికనియో, వైద్యమునకనియో, అప్పు తీర్చుటకనియో ఇల్లు అమ్మువారు సాధారణముగా తొందరలో నుందురు. వారిలో పెక్కుమంది జీవితములో ఒక్క పర్యాయమే ఇల్లు అమ్ముదురు. మధ్యవర్తికి మాత్రము అది నిత్యవృత్తి. బేరమునందలి ఈ వ్యత్యాసము వలన గృహస్థు నష్టపడకుండుటకు తెలిసికొనవలసిన విషయములను ఈ వ్యాసమున వివరించుచున్నాము.

రేటు నిర్ణయించునది ఎవరు?

యజమాని తన ఇంటిని అమ్ముకొనునపుడు మధ్యవర్తికి ఇంత కమీషను ఈయవలెనని ఏ చట్టమును నిర్ణయింపలేదు. తెలుగు ప్రాంతములలో నూటికి ఒక రూపాయి మొదలు రెండు రూపాయల వరకు, అమ్మువారి వద్దను కొనువారి వద్దను వేరువేరుగా అడుగుట వాడుకగా నున్నది. “ఇది ఊరి రివాజు” అని మధ్యవర్తి చెప్పవచ్చును. రివాజును మాటలాడి తగ్గించుకొనుటలో తప్పు లేదు. 30 లక్షల రూపాయల ఇంటికి నూటికి రెండు చొప్పున కమీషను 60 వేలు. నూటికి ఒకటి చొప్పున 30 వేలు. ఈ 30 వేల తేడా ఒక చిన్న కుటుంబమునకు స్వల్పమైనది కాదు.

బేరమాడుటకు తగిన సమయము మధ్యవర్తి కొనువారిని తీసికొని రాకముందే. కొనువారు వచ్చి ఇల్లు నచ్చినదని చెప్పిన పిదప కమీషను మాట ఎత్తినచో, బేరము చెడునను భయముతో యజమాని అడిగినంత ఇచ్చుటకు ఒప్పుకొనును. కావున ముందుగా ఇద్దరు ముగ్గురు మధ్యవర్తులను విచారింపుడు. మూల దస్తావేజులు, ఇటీవల తీసిన ఈసీ, ఇంటి పన్ను రసీదులు సిద్ధపరచి యుంచుడు. కాగితములు సరిగా నున్న ఇంటికి మధ్యవర్తి శ్రమ తక్కువ. తక్కువ కమీషను అడుగుటకు అదియే మీకు బలము. కొనువారి వద్ద ఎంత పుచ్చుకొనుచున్నాడో కూడ నిస్సంకోచముగా అడుగవచ్చును.

మధ్యవర్తి లాభము, మీ లాభము

నూటికి ఒకటి కమీషనుపై పనిచేయు మధ్యవర్తి “లక్ష తగ్గించుడు, ఈ దినమే ముగింతము” అని సలహా చెప్పవచ్చును. ఆ లక్ష తగ్గినచో అతనికి పోవునది వేయి రూపాయలు. మీకు పోవునది 99 వేలు. కావున ధర తగ్గించు విషయములో అతని తొందరను చూచి మీరు తొందరపడరాదు. ఇందుకు ఒక ఉపాయము కలదు. 30 లక్షల వరకు నూటికి ఒకటి, ఆపై వచ్చిన మొత్తముపై నూటికి ఐదు అని ఒప్పుకొన్నచో, 32 లక్షలకు అమ్మిన యెడల అతనికి 40 వేలు ముట్టును. ధర పెంచుటకు అతనికిని ఆసక్తి కలుగును.

“పైది నీది” అను బేరము

అన్నిటికంటె ఎక్కువ నష్టము కలిగించునది మరియొక పద్ధతి. “మా చేతికి 28 లక్షలు వచ్చిన చాలును, పైది నీవు ఉంచుకొనుము” అని కొందరు యజమానులు చెప్పుదురు. కమీషను తప్పినదని సంతోషింతురు. ఆ ఇల్లు 31 లక్షలకు పోయినచో మధ్యవర్తికి 3 లక్షలు మిగులును. నూటికి రెండు చొప్పున ఇచ్చియున్నను 62 వేలతో సరిపోయెడిది. 2 లక్షల 38 వేల రూపాయలు యజమాని తన నోటిమాటతోనే పోగొట్టుకొన్నట్లు. కావున కొనువారితో ధర మీ సమక్షమున మాటలాడవలెను. సొమ్ము వారి వద్ద నుండి నేరుగా మీకు ముట్టవలెను.

చట్టము ఇచ్చు ఆధారము

మీ పక్షమున బేరము నడుపుటకు మీరు నియమించుకొన్న మధ్యవర్తి 1872 నాటి కాంట్రాక్టు చట్టము దృష్టిలో మీ ఏజెంటు. వేరు ఒప్పందము లేనిచో, పని పూర్తియగు వరకు అతనికి ప్రతిఫలము ఈయనవసరము లేదని 219వ సెక్షను చెప్పుచున్నది. ఆ పనిలో దుష్ప్రవర్తనకు పాల్పడినచో, ఆ మేరకు ప్రతిఫలము అడుగు హక్కు అతనికి ఉండదని 220వ సెక్షను తెలుపుచున్నది. మీకు తెలియకుండ తన సొంతమునకు బేరము నడిపి పొందిన లాభమును మీరు కోరవచ్చునని 216వ సెక్షనులో కలదు. అయితే “పైది నీది” అని తామే ఒప్పుకొన్నవారికి ఈ ఆధారము బలహీనమగును.

2016 నాటి రియల్ ఎస్టేటు చట్టము ప్రకారము, రిజిస్టరైన ప్రాజెక్టులలో అమ్మకములు జరిపించు ఏజెంట్లు రెరా వద్ద నమోదు పొందవలెను. పల్లెలో గృహస్థు తన పాత ఇంటిని అమ్ముకొనుట సాధారణముగా ఆ పరిధిలోనికి రాదు. కావున మీ రక్షణ మీరు వ్రాసికొన్న కాగితమే.

కాగితముపై ఉండవలసినవి

నోటిమాట ఒప్పందమును చెల్లును గాని తగవు వచ్చినపుడు ఋజువు చేయుట కష్టము. ఒక తెల్లకాగితముపై ఈ క్రింది సంగతులు వ్రాసి, ఇరువురును ఇద్దరు సాక్షులును సంతకములు చేయవలెను.

1. కమీషను ఎంత, ఏ ధరపై లెక్కింపవలెను.
2. ఎప్పుడు ఈయవలెను. బయానా నాడు కాక, రిజిస్ట్రేషను జరిగి పూర్తి సొమ్ము ముట్టిన నాడు ఇచ్చుట మేలు.
3. బేరము మధ్యలో చెడినచో ఈయవలసినది ఏమైన కలదా, లేదా.
4. బంధువులో, ఇరుగుపొరుగువారో తామై వచ్చి కొన్నచో కమీషను లేదని.
5. ఒప్పందము ఎన్ని నెలలు అమలులో నుండును.

మూల దస్తావేజులు మధ్యవర్తి చేతికి ఈయరాదు, నకళ్లు చాలును. అమ్ముటకు అతని పేర పవరు పత్రము వ్రాసి ఈయరాదు. కమీషనును బ్యాంకు ద్వారా చెల్లించి రసీదు పుచ్చుకొనవలెను. ఆదాయపు పన్ను నిమిత్తము ఇంటి అమ్మకపు లాభమును లెక్కించునపుడు ఈ ఖర్చును తగ్గించి చూపుటకు ఆ రసీదు ఉపయోగపడును.

మధ్యవర్తియు ఊరూర తిరిగి, కొనువారిని వెదకి, బేరము కుదుర్చుటకు శ్రమపడును. అతడు తెచ్చిన కొనువారితో చాటుగా మాటలాడి అతనికి ఎగవేయుట ధర్మము కాదు. ముందుగా నిర్ణయించుకొన్న కమీషనును పని ముగిసిన నాడే చెల్లింపుడు. ఇల్లు అమ్మదలచినవారు మధ్యవర్తికి కబురు పంపుటకు ముందే ఈ కాగితమును సిద్ధము చేసికొందురు గాక.